పేరు కత్తిరించిన మాత్ర

ఏదో తేడాగా ఉందని మొదట తెలిసింది ఒక మంగళవారం మధ్యాహ్నం. ఆళ్లగడ్డలో మా ఇంటి వంటగదిలో బెండకాయలు తరుగుతున్నాను. మా పాప గ్రేసుకు అప్పుడు మూడో నెల. చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. ఉన్నట్టుండి పాప ఊపిరి తీసుకోవడం లేదనిపించింది. కత్తి పడేసి పరిగెత్తాను. పొట్ట కదులుతూనే ఉంది. వచ్చి కూర్చుని ఇంకో రెండు కాయలు తరిగేలోపు మళ్లీ అదే భయం. ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు పాపను లేపి ఏడిపించాను.

"పసిబిడ్డను పండుకోనీయవేందిమ్మే?" అంది మా అత్త.

వారం గడిచినా తగ్గలేదు. పాప నిద్రపోయినా నాకు నిద్ర రాదు. గుండె దడ ఆగదు. ఊళ్లోనే ఒక డాక్టర్‌కు చూపించుకున్నాను. ఈసీజీ తీశారు. బ్లడ్ టెస్టులు, థైరాయిడ్ చేశారు. అన్నీ నార్మల్.

"యాంగ్జైటీ అమ్మా. కాన్పు తర్వాత కొందరికి వస్తుంది. ఈ మాత్ర పది రోజులే. ఆ తర్వాత వచ్చి కనపడు" అన్నారాయన. నాకు పాలు సరిగా పడక పాప అప్పటికే డబ్బా పాలు తాగుతోంది. అది అడిగి తెలుసుకున్నాకే రాశారు.

మొదటి మాత్ర వేసుకున్న గంటకు, ఎప్పటి నుంచో గరగరమంటున్న ఫ్యాను ఎవరో ఆపేసినట్టు తల లోపల నిశ్శబ్దమైంది. అంత హాయి నేను మరిచిపోలేకపోయాను.

పది రోజులయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. మొదటి పది మాత్రలూ కొన్న మా వీధి చివరి మెడికల్ షాపుకే వెళ్లాను. షాపు ఓబులన్నది. మా ఆయన సామేలుకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. చీటీ అడగలేదు. "ఏమ్మా సునీతా, నిద్ర పడతాందా?" అని పలకరించి, అట్టలోంచి నాలుగు మాత్రలు కత్తెరతో కత్తిరించి కాగితం పొట్లంలో ఇచ్చాడు. మనలో అట్ట మొత్తం కొనేవాళ్లు తక్కువ. ముక్క మన చేతికి వస్తుంది, పేరున్న వైపు షాపులోనే మిగిలిపోతుంది. ఒకరోజు మాత్ర రంగు మారింది. "అదే మందుమ్మా. కంపెనీ వేరే. పవరు రవ్వంత ఎక్కువ" అన్నాడు. నేను పేరు అడగలేదు. బీయస్సీ చదివినదాన్ని, నా నోట్లోకి వెళ్లేదాని పేరు అయిదు నెలలు అడగలేదు.

ఆ అయిదు నెలల్లో రాత్రికి ఒకటి అన్నది పొద్దున ఒకటి, మధ్యాహ్నం సగం, రాత్రికి రెండు అయింది. ఆలస్యమైతే చేతులు వణికేవి. పాప పౌడరు డబ్బాలో దాచేదాన్ని. ఒకరోజు అత్త ఆ డబ్బా తెరిచింది.

"యాడివి మే ఇవి?"

ఓబులన్న దగ్గర కొన్నవని చెప్పాను. మా ఆయన అప్పుడే బడి నుంచి వచ్చాడు. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాడు. ముక్కలు అరచేతిలో పోసుకుని చూశాడు.

"చీటీ లేకుండా అమ్మేటోళ్లను లోపలెయ్యాల. ఇట్లాంటి షాపులన్నీ మూయించాల" అన్నాడు.

"నా ఒళ్లు. నేను నిద్రపోవాలంటే ఇంకొకరి అనుమతి కావాల్నా?" అన్నాను.

"ఫస్టు ప్రైజు నీకిచ్చినోళ్లను ఈ పొద్దు పిల్చుకరావాల ఈడికి!"

ఆ మాట వెనక కథ ఉంది. నంద్యాలలో మేమిద్దరం డిగ్రీ చదివేటప్పుడు కాలేజీలో డిబేట్ పెట్టారు. మత్తుమందులను చట్టబద్ధం చేయాలా వద్దా అన్నది విషయం. చేయాలని నేను, వద్దని ఆయన. వయసొచ్చిన మనిషి తన ఒంట్లోకి ఏం తీసుకోవాలో తనే నిర్ణయించుకోవాలనీ, జైలు భయం పెడితే రోగం దాక్కుంటుందే గానీ పోదనీ గట్టిగా మాట్లాడి గెలిచాను. మా పరిచయం అక్కడే మొదలైంది. అదే వాదన ఇప్పుడు ఇంట్లో, పౌడరు డబ్బా ముందు నిలబడి చేసుకుంటున్నాం.

"మీ వాదాలు అట్ల పెట్టండి" అంది అత్త. "తల్లి మత్తులో ఉంటే బిడ్డను ఎవురు చూస్తారు? అది చెప్పండి."

ఆ శనివారం ముక్కలన్నీ మురుగునీళ్ల మోరీలో పారేశాను. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. నిద్రమాత్రకు బానిసనయ్యాననీ, నిన్నటితో పూర్తిగా మానేశాననీ అందరి ముందూ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అత్త ఏడ్చింది. నా ఒళ్లు ఎంత తేలికైందో చెప్పలేను.

సోమవారం చెమటలు, వణుకు, చర్మం మీద చీమలు పాకినట్టు మంట. "శోధనమ్మా, దేవుడు పరీక్షిస్తాండాడు, ఓర్చుకో" అంది అత్త. ఓర్చుకున్నాను. సాక్ష్యం చెప్పాను కదా.

మంగళవారం పొద్దున పాపను ఒళ్లో వేసుకుని పాలు పడుతున్నాను. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. అత్త చెప్పింది: నా కళ్లు పైకి తేలిపోయాయట, చేతులు కొయ్యబారాయట, పాప ఒళ్లోంచి జారిపోతుంటే గౌను పట్టుకుని లాక్కుందట. ఫిట్స్.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి ఫిట్స్ ఆపారు. "ఏం మందులు వాడుతోంది?" అని డ్యూటీ డాక్టర్ అడిగారు. నిద్రమాత్ర అన్నారు మావాళ్లు. "పేరు? ఎంత పవరు? రోజుకు ఎన్ని?" ఎవరికీ తెలియదు. నాకు మాట రావడం లేదు. ముక్కలు మోరీలో పోయాయి. పాత చీటీలో మొదటి మాత్ర పేరుంది గానీ, ఓబులన్న మార్చి ఇచ్చింది అదో కాదో తెలియదు. "నంద్యాలకు రాసి పంపాలి. ఏమని రాయను?" అన్నారాయన.

మా ఆయన బండి మీద ఓబులన్న దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ జరిగింది తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

"నేనియ్యల్యాప్పా" అన్నాడట ఓబులన్న.

"అన్నా, నీ షాపువేనని సునీతే చెప్పింది."

"చీటీ లేందే నేనెవురికీ ఇయ్యను. నన్ను దీంట్లోకి లాగొద్దు."

కేసవుతుందని భయం. అరగంట బతిమాలించుకున్నాడు. ఆ అరగంటా నేను ఆసుపత్రిలో పేరులేని మందుతో పడి ఉన్నాను. షాపులు మూయించాలన్న మా ఆయనే చివరికి, "కేసు పెట్టనన్నా. నా బిడ్డ మీద ఒట్టు. పేరొక్కటి చెప్పు" అన్నాడు. ఓబులన్న సొరుగులోంచి నిండు అట్ట తీసి చేతిలో పెట్టాడు. షట్టరు దించి తనూ వెనకే వచ్చాడు. ఎన్నెన్ని ఇచ్చాడో డాక్టర్‌కు తనే చెప్పాడు. అల్‌ప్రజోలామ్. నా మాత్ర పేరు అలా తెలిసింది.

నంద్యాలలో సీటీ స్కాన్, ఈఈజీ తీశారు. రెండూ బాగున్నాయి. సైకియాట్రిస్ట్ మేడం మంచం పక్కన కూర్చుని చెప్పారు: "ఇది మూర్ఛ రోగం కాదు. విత్‌డ్రాయల్. శరీరం ఈ మందుకు అలవాటు పడింది, ఒక్కసారిగా లాగేశారు. మందు మళ్లీ మొదలుపెట్టి మెల్లగా తగ్గిస్తాం. టేపరింగ్ అంటారు. నెలలు పడుతుంది."

"మానేశానని చర్చిలో చెప్పేశాను మేడం" అని ఏడ్చాను.

"మీరు చెప్పారు. మీ మెదడు ఆరోజు చర్చికి రాలేదేమో" అని ఆవిడ నవ్వారు. ఏడుస్తూనే నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక పాపను నా చేతికి ఒంటరిగా ఇవ్వలేదు. నీళ్లు పోస్తుంటే అత్త బాత్రూం గుమ్మంలో నిలబడేది. బయటికి వెళ్లాల్సొస్తే పక్కింటి మరియమ్మను కూర్చోబెట్టి వెళ్లేది. ఆమె తప్పు లేదు. గౌను పట్టుకుని లాగింది ఆమె. కానీ నా బిడ్డతో ఒక గదిలో నేనొక్కదాన్నే ఉండే రోజు రావాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

రెండు వారాలకోసారి బస్సులో నంద్యాల వెళ్లాను. ప్రతిసారీ కొంచెం డోస్ తగ్గించేవారు. అసలు రోగమైన యాంగ్జైటీకి వేరే మందు, కౌన్సెలింగ్. భయం వస్తే పాపను ఒక్కసారి చూడాలి, పది నిమిషాల దాకా మళ్లీ చూడకూడదు. ఆ పది నిమిషాలు గోడ గడియారం ముందు నిలబడి గడిపిన రోజులున్నాయి. రెండో నెలలో పాపకు జ్వరం వచ్చింది. ఆగలేక నిండు మాత్ర ఒకటి అదనంగా వేసుకున్నాను. మేడంకు చెప్పేశాను. "దాచలేదు కదా, అది చాలు. ఈసారి తగ్గించం. ఉన్నచోటే ఉందాం" అన్నారు.

నా సాక్ష్యం అబద్ధమైపోయిందని పాస్టరయ్యతో చెప్పుకున్నాను. "ఆపినానని చెప్పినావు. తగ్గించుకుంటాండానని చెప్పుమ్మా. దేవునికి రెండూ తెలుసు" అన్నాడాయన. మళ్లీ నిలబడి జరిగినదంతా చెప్పాను. ఈసారి స్తోత్రాలు తక్కువ వినిపించాయి. కానీ బయట చెప్పులేసుకుంటుంటే ఒక పెద్దామె కొంగుముడి విప్పి, "ఇదేం మాత్రో చూడు పాపా" అని ముక్క చూపించింది. దాని మీదా పేరు లేదు. ఆమెను నంద్యాలకు నాతో తీసుకెళ్లాను.

ఇంట్లో డిబేట్ ఇంకా తెగలేదు. షాపుల మీద గట్టి నిఘా ఉండాలంటాడు మా ఆయన. ఉండాలని నేనూ ఇప్పుడు ఒప్పుకుంటాను. చీటీ అంటే నా స్వేచ్ఛకు అడ్డమనుకున్నాను. నేను ఏం మింగుతున్నానో నాకే తెలియనప్పుడు అది నా నిర్ణయం ఎలా అవుతుంది? కానీ అలవాటు పడినవాళ్లను దొంగల్లా చూస్తే డాక్టర్ ముందు కూడా నోరు విప్పరు. కేసు భయంతో ఓబులన్న మందు పేరు చెప్పని అరగంట నాకు గుర్తుంది. "ఆ ఒక్క పాయింటు నీదే" అంటాడాయన.

పాపకు ఇప్పుడు ఏడాదిన్నర. నా మాత్ర పావుకు వచ్చింది. ఫిట్స్ మళ్లీ రాలేదు. పాప పడుకున్నాక రోజుకు కాస్త చొప్పున ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా నిద్రకో, దడకో ఇలాంటి మాత్ర రోజూ వేసుకుంటూ ఉంటే నాది ఒకటే మాట: సిగ్గుతోనో, ఒట్టు పెట్టుకునో ఒక్కరోజులో ఆపకండి. పేరున్న అట్ట చేత పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఎన్ని వేసుకుంటున్నారో నిజం చెప్పి, వాళ్లు చెప్పినట్టు తగ్గించండి.

నిన్న సాయంత్రం అత్త ప్రార్థన కూటానికి బయల్దేరింది. మరియమ్మను పిలుస్తుందని చూస్తున్నాను. పిలవలేదు. చెప్పులేసుకుని, "పాపకు నీళ్లు పోసి పండుకోబెట్టు. నేనొచ్చే తలికి ఆలస్యమైతాది" అని గేటు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. మా ఆయన ఇంకా రాలేదు. వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి, పాపను ఎత్తుకుని, బాత్రూం తలుపు దగ్గరికి వేసుకున్నాను.