విల్లు మీద పడిన నింద

టంయ్... టంయ్... టంయ్...

గురజాలలో మా వీధికి తెల్లవారడమంటే ఆ చప్పుడే. గోడ అవతల దూదేకుల మౌలాలీ దూది ఏకే విల్లు. తలుపు తీస్తే ముందు గాలిలో తేలే దూది కనిపించేది, ఆ తెల్లటి మసకలోంచి అతని నవ్వు.

1961 చలికాలంలో ఆ చప్పుడు ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషికి మెల్లమెల్లగా నడుము పట్టేసింది. పొద్దస్తమానం విల్లు కొట్టడం వల్లేనని ఊరంతా తేల్చింది. విల్లును దూలానికి వేలాడదీసి అతను మంచమెక్కాడు. పడుకున్నకొద్దీ నొప్పి ముదిరింది. ఏడాది తిరిగాక, విల్లు అమ్మేస్తానన్నాడు. ఆ రోజు అతని భార్య హలీమా మా గుమ్మంలో కూర్చుండిపోయింది.

"అది పోతే ఈ మనిషి మిగలడు, పంతులమ్మా."

ముగ్గురం నరసరావుపేట ఆసుపత్రికి వెళ్లాం.

"నొప్పి ఎప్పుడు ఎక్కువ?" అని అడిగింది డాక్టరమ్మ.

"తెల్లారగట్టండి. కర్రలా బిగుసుకుపోతా. లేచి గంటసేపు తిరిగితే సడల్తది."

"పని చేసే రోజుల్లో?"

మౌలాలీ ఆలోచించాడు. తనను తాను ఆ మాట ఎప్పుడూ అడగలేదేమో. "దూది ఏకతా ఉంటే... తగ్గేదండి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "కడుపులో ఏమైనా బాధ ఉందా?"

అతను కిటికీ వైపు చూశాడు. "ఏం లేదండి."

"ఏంది లేంది!" అంది హలీమా. "నాలుగేళ్ల నుంచి నెత్తురు, జిగట. రోజుకి ఆరేడుసార్లు చెంబు పట్టుకుని పరుగు. చానా గొప్పోడు, డాక్టరమ్మ కాడ కూడా దాస్తాడు!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరమ్మ నవ్వలేదు.

"పేగులో పుండున్న కొందరికి వెన్ను కీళ్లు కూడా వాస్తాయి. పనితో వచ్చిన నొప్పయితే పడుకుంటే తగ్గాలి. నీది పెరిగింది. విల్లు తప్పేం లేదయ్యా. పూర్తిగా పోగొట్టే మందు నా దగ్గర లేదు. పేగుకి మందిస్తాను. నువ్వు మాత్రం మంచం దిగు, ఒళ్లు సాగదీస్తూ ఉండు."

తిరుగు బస్సులో అతని ఒడిలో కుడిచెయ్యి విల్లు కొడుతున్నట్టు మెల్లగా కదులుతూనే ఉంది.

మర్నాడు రెండు దెబ్బలు వినిపించాయి. ఆగాయి. గోడ ఇవతల నేను ఊపిరి బిగబట్టాను. మూడోది పడింది.

నాలుగేళ్లకు నాకు వినుకొండ బదిలీ అయింది. మౌలాలీ బస్సు దాకా వచ్చాడు. మెడ కాస్త బిగిసింది, నడక నెమ్మదించింది. జుట్టులో మాత్రం తాజా దూది. నడుము ఎలా ఉందని అడిగాను.

"నొప్పి పోలేదు పంతులమ్మా, అబద్ధమెందుకు. ఏకతా ఉంటే ఓర్చుకోగలుగుతున్నా. మీరు పోయే ఊళ్లో ఎవురికన్నా కడుపుజబ్బుండి, పొద్దున్నే నడుం పట్టేస్తంటే, రెండూ ఒక్క డాక్టరుకే చెప్పమనండి. సిగ్గుపడి నేను ఏడాది మంచానికిచ్చా."