భుజాల డబ్బా

హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సులో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, తెర మీద డబ్బాలను గీతలతో కలుపుతూ ప్రోగ్రామ్ తయారుచేస్తున్నాను. ఒక డబ్బా మామిడికాయ ఫొటో తీసుకుంటుంది, ఇంకొకటి రంగు కొలుస్తుంది, చివరిది కాయ ముదిరిందో లేదో చెబుతుంది. మర్నాడు మండీలో చూపించాలి. అదేమో ముదురు కాయలనే లేతవంటోంది.

పక్క సీటులోని పెద్దామె చాలాసేపు చూసి, అదేమిటో నన్నడిగి తెలుసుకుని నవ్వింది.

"రంగు యాడ చెప్తాదప్పా? కాయ బుజాలు చూడల్ల. ముదిరితే ఇట్ల లేస్తాయి, తొడిమ గుంతలోకి పోతాది," అంటూ మెడ కనబడనంతగా తన భుజాలెత్తింది.

శూలగిరిలో ఆమె దిగేసరికి గీతల మధ్య ఇంకో డబ్బా చేరింది.

తర్వాత ప్రోగ్రామ్‌లో ఎన్నో మార్చాను, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అదేం చేస్తుందని మా దగ్గర పనిలో కొత్తగా చేరినవాళ్లు అడిగితే మాటల్లో చెప్పను. మెడ దాచుకుని భుజాలెత్తుతాను.