కారుకు స్టీలు డబ్బా

నాన్న చేతులు వణకడం మొదలై రెండేళ్లయింది. అంతకుముందు ఆ చేతులతోనే ఆయన కొండపల్లి దగ్గరి థర్మల్ స్టేషన్లో బాయిలర్ పైపులు వెల్డింగ్ చేసేవారు. రిటైరయ్యాక భవానీపురంలో నా దగ్గరే ఉంటున్నారు. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. ఆయన కొన్న పాత కారునే ఇప్పటికీ నడుపుతున్నాను.

కిందటి వేసవిలో ఆ కారు రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ డబ్బా పగిలిపోయింది. ఇంజన్ వేడెక్కితే, దాన్ని చల్లబరిచే కూలెంట్ రేడియేటర్లోంచి పొంగి ఆ డబ్బాలోకి వస్తుంది. చల్లారాక అదే దారిన వెనక్కి పోతుంది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఆటోనగర్ అంతా తిరిగినా డబ్బా దొరకలేదు. వేరే కార్లవి ఆ ఇరుకులో పట్టలేదు.

"స్టీలు రేకుతో మనమే చేద్దాం," అన్నారు నాన్న.

చెప్పుల పెట్టె అట్ట తెచ్చి, ఇంజన్ పక్కన ఖాళీకి సరిపోయేలా ఆయన కొలతలు చెబుతుంటే నేను కత్తిరించాను. ఆ నమూనా తీసుకుని, ఒకప్పుడు ఆయన కింద పని నేర్చుకున్న మనిషి ఆటోనగర్లో నడుపుతున్న వెల్డింగ్ షాపుకి వెళ్లాం.

"మీరలా కూర్చోండి మాస్టారూ, చిటికెలో వేసిచ్చేస్తాను," అన్నాడాయన.

"వద్దులేవయ్యా. మా అమ్మాయి వేస్తుంది."

నేను తెల్లబోయాను. చిన్నప్పుడు ఆయన పని చూస్తానని ఎంత ఏడ్చినా తీసుకెళ్లేవారు కాదు. ఆడపిల్లవి, కళ్లు పాడవుతాయి అనేవారు.

రెండు ఆదివారాలు తుక్కు రేకుల మీద చేయి తిప్పించారు. తనూ ముఖానికి అద్దం అడ్డు పెట్టుకుని నా వెనకే నిలబడేవారు. "తొందరపడకు. ముందు లోహాన్ని కరగనీ. బొట్టులా మెరుస్తుంది చూడు, అప్పుడు తీగ అందించు." ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి అక్కడ ఆగకుండా మాట్లాడేవారు.

మూడో ఆదివారం డబ్బా తయారైంది. నీళ్లు పోసి చూస్తే ఒక మూల చెమర్చింది. అక్కడ మళ్లీ అతికించాను. ఇక రేడియేటర్ గొట్టం తగిలించడానికి మూతలోంచి లోపలికి దిగే పైపు ఒక్కటే మిగిలింది. "అడుక్కి వేలెడు పైన ఆగాలి. పైపు కొస ఎప్పుడూ కూలెంట్‌లో మునిగే ఉండాలి, లేకపోతే వెనక్కి గాలే పీలుస్తుంది," అని చెప్పి నాన్న, షాపాయన టీకి వెళ్లారు.

సన్నటి పైపు. వేడి ఎక్కువై చిల్లు పడింది. కాలినంత మేరా కోసేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ పడింది. అలా మూడుసార్లు. చివరికి అతుకు కుదిరేసరికి జానెడు పైపులో రెండు అంగుళాలే మిగిలాయి. ఇంకో పైపు అడగొచ్చు. సిగ్గేసి అడగలేదు.

నాన్న వచ్చి అతుకు మీద వేలు పెట్టి రాసి చూశారు. "బాగుందే! పైపు అడుగుదాకా దించావుగా?"

"ఊఁ," అన్నాను.

డబ్బా కారులో చక్కగా ఇమిడింది. వారం రోజులు ఆఫీసుకి తిరిగాను. ఆ తర్వాత కంకిపాడులో మేనత్తని చూడడానికి ఇద్దరం వెళ్లి, మధ్యాహ్నం తిరిగి వస్తుంటే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. బందరు రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో ఆపాను. ఇంజన్ బాగా చల్లారేదాకా కూర్చుని, అప్పుడు రేడియేటర్ మూత తీశాం. రేడియేటర్లో కూలెంట్ బాగా తగ్గిపోయింది. మేము మూడో వంతు నింపిన డబ్బా మాత్రం, నింపే కన్నంలోంచి చూస్తే, సగానికి పైగా నిండి ఉంది.

నాన్న రెండింటినీ మార్చి మార్చి చూశారు. "వచ్చింది వెనక్కి పోవట్లేదు. పైపు అందట్లేదు. కొలత నేనే తప్పు చెప్పుంటాను. చేతులు ఎలాగూ పోయాయి, ఇప్పుడు బుర్ర కూడా..."

ఆ మాట విని ఇక ఊరుకోలేకపోయాను. "నీ తప్పు కాదు నాన్నా. పైపు కాలిపోతే నేనే కోసేశాను. అడిగితే అబద్ధం చెప్పాను."

కోప్పడతారనుకున్నాను. ఆయన బానెట్ మీద చేయి ఆనించి, గట్టిగా ఊపిరి వదిలారు.

"అయితే కొలత సరైనదే!"

"సరైనదే."

"హమ్మయ్య." నా వైపు తిరిగి అన్నారు: "బాగోలేకపోతే చెప్పాలమ్మా. నేను వెనక నిలబడేది అందుకేగా."

సీసాలోని మంచినీళ్లు రేడియేటర్లో పోసి, ముల్లు చూసుకుంటూ మెల్లగా ఇల్లు చేరాం.

తర్వాతి ఆదివారం మూత కోసి కొత్త పైపు వేశాం. ఈసారి కోయాల్సిన చోట గీత నాన్నే గీశారు. గీత వంకరగా వచ్చింది. చోటు మాత్రం సరిగ్గా అదే. అతుకు రెండోసారికి కుదిరింది. మొదటిసారి చిల్లు పడగానే, "నాన్నా, కాలింది," అని గట్టిగా చెప్పాను. షాపాయన నవ్వాడు. నాన్న నవ్వలేదు, ఇంకో పైపు అందించారు.

నెలలు గడిచాయి, ముల్లు మళ్లీ లేవలేదు. ఈ మధ్య నాన్న డాబా మెట్ల రెయిలింగ్ పట్టుకుని ఊపి చూస్తున్నారు. "ఇది వదులైంది. వచ్చే ఆదివారం నీకేం పని లేదుగా?" అంటున్నారు.