బండి తిరిగొచ్చింది, బేరం రాలేదు

బోధన్ బస్టాండు ఎదుట మా అమ్మ ఇరవై ఏళ్ళు మిర్చి బజ్జీలు వేసింది. మేం ఆమెను అవ్వ అని పిలిచేవాళ్ళం. రోడ్డు వెడల్పు పనులు మొదలయ్యాక ఒక పొద్దున మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి ఆమె బండిని ట్రాక్టరులోకి ఎక్కించారు. కాగుతున్న నూనె రోడ్డు మీద ఒలికిపోయింది. అవ్వ కొంగుముడి విప్పి తన గుర్తింపు కార్డు అధికారికి చూపించింది.

"సారూ, గీ కార్డు మీరే ఇచ్చిండ్రు గద. ఈడ అమ్ముకోమని మీరే చెప్పిండ్రు."

"కార్డు ఉంటే ఉండనీ అవ్వా, గీ జాగ నీది గాదు," అన్నాడాయన, కార్డు వైపు చూడకుండానే.

నేను అప్పటికే నిజామాబాద్‌లో టీచర్‌ని. నోటీసు ఇవ్వకుండా బండి ఎత్తడం తప్పని అర్జీ రాశాను. నాలుగు నెలలు ఇద్దరం ఆఫీసు చుట్టూ తిరిగాం. చివరికి బండి ఇచ్చి, కొత్త జాగా చూపించారు. అది ఊరి చివర, ఒక గోదాం వెనక. అటు బస్సులు రావు, మనుషులూ రారు.

మొదటి రోజు సాయంత్రం దాకా ఒక్కరూ రాలేదు. నేనే ఒక పొట్లం కట్టించుకున్నాను.

"సల్లగైనయ్ బిడ్డా, ఆగు, ఇంకో వాయి ఏస్త," అంది అవ్వ.

వారం తిరగకముందే బండి అమ్మేసి బీడీలు చుట్టడానికి కూర్చుంది. నా అర్జీ చాలా బాగుందని ఆఫీసులో గుమాస్తా మెచ్చుకున్నాడు. ఆ మాట అవ్వకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.