లోకల్ అని రాసి ఉంటే

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మాకు కంప్యూటర్ నేర్పిన మేడం ఇక లేరు. నేను బోధన్ బస్సులో ఉండగా ఆమె భర్త ఫోన్ చేశారు. "పొద్దున పోయిందమ్మా. ఆదివారం క్లాసు మాత్రం ఆపొద్దని చెప్పమంది" అన్నారు. "సరే సార్" అనేశాను. ఏడుపు తర్వాత వచ్చింది.

కాలువ కింద సేద్యానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మేడం వాళ్లది. వచ్చింది తాతలు. ఆమె పుట్టింది బోధన్ పక్కనే. అయినా మాట తీరు వినగానే కొత్తవాళ్లు "అసలు మీదే ఊరు మేడం?" అనేవాళ్లు. "అసలూ బోధనే, కొసరూ బోధనే" అని నవ్వేవారు.

నేను క్లాసుకి చందూర్ నుంచి వెళ్లేదాన్ని. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్లలో మేడం విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి నేర్పేవారు. సాఫ్ట్‌వేర్ తెప్పించుకునేటప్పుడు పేరుతోపాటు అది ఏ రిపాజిటరీ నుంచి వస్తోందో తెర మీద పడుతుంది. రిపాజిటరీ అంటే సాఫ్ట్‌వేర్ల గోదాము. మేం పేరు చూసి ఎంటర్ కొట్టబోతే, ఆమె చీపురుపుల్లతో ఆ చిన్న అక్షరాలు చూపించి పైకి చదివించేవారు. 'మెయిన్' అంటే ఆ లినక్స్ తయారుచేసినవాళ్లే చూసుకునేది. 'యూనివర్స్' అంటే ఎక్కువగా బయటి వలంటీర్లు చూసుకునేది. "ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి. తెలిసింది కదా అని తీర్పు చెప్పేయకండి" అనేవారు.

బోధన్‌లో రక్తపరీక్షల ల్యాబులో చేరిన కొత్తలో ఒకరోజు కంప్యూటర్ నిండిపోయి రిపోర్టులు ఆగిపోయాయి. జ్వరంతో కాలిపోతున్న కొడుకును ఒళ్లో వేసుకుని ఒకామె బయట కూర్చుంది. డెంగీ రిపోర్టు చూస్తేగాని పిల్లాణ్ణి నిజామాబాద్ తీసుకుపోవాలో లేదో చెప్పలేనన్నాడట డాక్టరు. నాతో పనిచేసే అన్న తెర మీది సాఫ్ట్‌వేర్ల జాబితా చూసి, "గీ పేర్ల పక్కన లోకల్ అని పడ్డది సూడు. లోకల్ మాల్ ఎట్లుంటదో తెల్వదా? అన్నీ పీకేస్తే జాగ అయితది" అన్నాడు.

నేను మేడంకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"ఆగమ్మా, ఏదీ తీయొద్దు. లోకల్ అంటే నాసిరకమని కాదు. మీ కంప్యూటర్‌కి తెలిసిన ఏ గోదాములోనూ ఇప్పుడది లేదని. ఎవరో విడిగా తెచ్చి పెట్టుంటారు. తీసేస్తే మళ్లీ దొరక్కపోవచ్చు. పేర్లు చదువు."

చదువుతుంటే ఒకచోట ఆపారు. "అదే మీ ప్రింటర్‌ని నడిపించేది!"

అన్న కీబోర్డు మీది చెయ్యి తీసేశాడు. ఎప్పుడో దించుకున్న ఇన్‌స్టాలేషన్ ఫైళ్లను ఆమె మాతో ఖాళీ చేయించారు. చోటు దొరికింది, ప్రింటర్ కదిలింది. కాసేపటికి ఆ తల్లి రిపోర్టు డాక్టరుకు చూపించి తిరిగొచ్చి, "డెంగీ కాదంట అక్కా, ఇంటికి తోల్కపొమ్మన్నడు" అంది.

అన్న నా ఫోన్ తీసుకుని మళ్లీ మేడంకి చేశాడు. "మేడం, నాకు గూడ నేర్పుండ్రి."

అతనిది ఏ ఊరని ఆమె అడగలేదు. "ఆదివారం పొద్దున్నే రా బాబూ" అన్నారు.

అప్పటినుంచి ఒక్క ఆదివారం కూడా మానలేదతను. జబ్బు ముదిరాక మేడం తన మంచాన్ని క్లాసు జరిగే ముందుగదికి జరిపించుకున్నారు. మేం పైకి చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. తప్పు చదివితే వేలు లేచేది.

మొన్న ఆదివారం క్లాసు మేమిద్దరమే నడిపాం. మహారాష్ట్ర వైపు నుంచి కోడలిగా వచ్చిన ఒకామె మరాఠీ యాసలో, కూడబలుక్కుంటూ తెర మీది వరుస చదువుతోంది. ఇంతలో వాన మొదలైంది. అన్న చప్పుడు కాకుండా లేచి, మెట్ల మీద విడిచిన అందరి చెప్పులూ జతలు జతలుగా లోపలికి తెచ్చి గోడవారన పెడుతున్నాడు. ఆమె చదువుతూనే ఉంది.