గ్యాస్ మాత్రల సీసా

మొన్న ఆదివారం మా మామను చేతులారా పైకి పంపించేసేవాడినప్పా! మనిషి బాగుండాడు గాబట్టి ఇప్పుడు టీ తాగతా మీకు చెప్తా ఉండాను.

తిరుపతిలో లాడ్జి కౌంటర్లో నా పనంటే మీకు తెలిసిందే. రూముల్లేవంటే యాత్రికులు అరుస్తారు, రూములు ఖాళీగా ఉంటే ఓనరు అరుస్తాడు. ఈ మధ్యన ఎవురన్నా గొంతు పెంచితే చాలు, నాకు గుండె దడదడ, చేతులు వణుకు, ఊపిరాడదు. గుండెపోటే అనుకుని ఆస్పత్రికి పరిగెత్తితే, ఈసీజీ తీసి, గుండె బాగుండాది, ఇది యాంగ్జైటీ అన్నాడు డాక్టరు. రోజూ వేసుకునేదానికి ఒక మాత్ర, దడ మరీ ఎక్కువైతే వేసుకునేదానికి ఇంకో చిన్న మాత్ర రాసిచ్చినాడు. ఆ చిన్నది రెండు వారాలకే, అలవాటైతే వదలదు, వేసుకుని బండి తోలొద్దు అని మరీ మరీ చెప్పినాడు.

నిజం చెప్పాల, బాగానే పనిచేసింది. ఎవురు తిట్టినా "కూర్చోండి సార్" అనేంత శాంతమొచ్చింది నాకు. ఇంకేం, రెండు వారాల మాత్ర నాలుగు నెలలైంది. పాత చీటీ, తెలిసిన మెడికల్ షాపు. రోజూ వేసుకోమన్న మాత్రేమో మానేసినాను, దాంతో వెంటనే ఏమీ తెలియలేదని.

ఇంట్లో చెప్పేదెట్ట? నా పెండ్లాం సుజాత నాకు మేనమామ కూతురే. ఆ మామ వడమాలపేటంతా "మా అల్లుడు గట్టోడు" అని చెప్పుకుని తిరిగే మనిషి. పిచ్చి మాత్రలు మింగతా ఉండానని తెలిస్తే నా పరువేం గాను? అందుకని మాత్రలన్నీ షీటులోంచి ఊడదీసి, ఖాళీ అయిన గ్యాస్ మాత్రల సీసాలో పోసినాను. నా తెలివి చూసి నాకే ముచ్చటేసింది.

ఆదివారం మామ వచ్చినాడు. సుజాత సంగటి, నాటుకోడి పులుసు చేసింది. మామ గట్టిగానే లాగించినాడు. నేను ఆకూవక్కా తెస్తానని పోయి, అంగడి కాడ మాటల్లో పడి గంటకు తిరిగొస్తే, మామ మంచం మీద పడుండాడు. లేవబోయి తూలినాడంట, మాట ముద్దముద్దగా వచ్చిందంట, ఇప్పుడు ఎంత పిలిచినా కండ్లు తెరవడం లేదు.

నేను పోయినాక ఏం తిన్నాడని సుజాతను అడిగినాను.

"కడుపు బిగిసిందంటే నీ గ్యాస్ మాత్రలు ఇచ్చినా బావా. చిన్నవే గదా అని మూడు."

మామకు అరవై తొమ్మిదేండ్లు.

ఆటోలో మామ తల నా ఒళ్లో ఉండాది. పక్షవాతమేమోనని సుజాత ఒకటే ఏడుపు. ఏమైందో నాకు తెలుసు. అయినా ఆస్పత్రి దాకా నోరు తెరవలేదప్పా. మనిషి పోతా ఉంటే నేను పరువు లెక్కేసుకుంటా కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

క్యాజువాలిటీలో డాక్టరమ్మ తలకు స్కాన్ రాయబోతా, మందులేమన్నా వేసుకున్నాడా అని అడిగింది. గ్యాస్ మాత్రలే మేడం అనింది సుజాత.

"అవి గ్యాస్ మాత్రలు కాదు మేడం" అన్నాను. "భయానికి వేసుకునేవి."

"ఎవరి భయానికి?"

"నా భయానికే."

సుజాత ఏడుపు ఆపి నన్ను చూసింది. డాక్టరమ్మ మాత్ర పేరడిగింది, పవరెంతో అడిగింది, మందు తాగినాడా అని రెండుసార్లు అడిగింది. రెండూ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చంట, ముసలోళ్లకు ఇంకా ప్రమాదమంట. మామకు తాగే అలవాటు లేదు కాబట్టి బతికిపోయినాము. ఆక్సిజన్ పెట్టి, పక్కనే ఉండి కనిపెట్టుకున్నారు.

సాయంత్రానికి మామ కండ్లు తెరిచినాడు. అంతలోపల నేను ఒప్పుకున్నదంతా సుజాత ఏదీ దాచకుండా చెప్పేసింది. కాళ్ల మీద పడదామని పోతే, మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మూడు మాత్రలకే నాకు ఈ గతి పట్టిందే, నువ్వు నాలుగు నెలలుగా మింగతా ఉండావా? భయమైతే భయమని చెప్పేదానికేమిరా నీకు?"

నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు సుజాతే నన్ను మళ్లీ మా డాక్టరు దగ్గరికి లాక్కునిపోయింది. ఉన్నపళంగా ఆపితే అదింకో ప్రమాదమంట, మెల్లమెల్లగా తగ్గిస్తా ఉండాడు. అసలు నీకు దేన్ని చూస్తే ఎక్కువ భయం అని అడిగినాడాయన. ఓనరు అని చెప్పబోయి ఆగినాను. లెక్కేసుకుంటే, ఈ నాలుగు నెలల్లో సగం మాత్రలు, నేను మాత్రలు మింగేది ఎవురికన్నా తెలిసిపోతుందేమో అనే భయానికే మింగినానప్పా!