చెప్పుల వరస

ఆసుపత్రిలో ఓపీ తలుపు రోజూ పొద్దున్నే తీసేది ఆయానే. పనిలో చేరినప్పుడు ఆవిడ జడ నల్లగా ఉండేది, ఇప్పుడు ముగ్గుబుట్టయింది. తలుపు అదే, తోపులాటా అదే. "అమ్మా, నెట్టుకోకండి! నాయనా, కాస్త వెనక్కి జరుగు!" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. వినే నాథుడుంటేగా!

అక్కడ జనానికి ఒక అలవాటుంది. ఎక్కువసేపు నిలబడలేని రోగులు వరసలో తమ చెప్పులు వదిలేసి, వెళ్లి గోడవార కూర్చుంటారు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే. మంచి పద్ధతే, కానీ మన జనం ఊరుకుంటారా? ఇంట్లో దుప్పటి ముసుగుతన్ని పడుకున్న బావమరిది చెప్పులు కూడా తెచ్చి పెట్టేవాడొకడు. ఒక చెప్పు ముందు, రెండోది వెనక పెట్టి రెండు చోట్లూ నావేననేవాడింకొకడు. రోజూ రచ్చే. తీర్పు చెప్పాల్సింది ఆయా. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్లు ఆవిడ ఏడు తరాలనూ తిట్టిపోసేవాళ్లు. పెద్ద డాక్టరుకు మొరపెట్టుకుంటే "చూద్దాం" అన్నాడు. ఆఫీసువాళ్లు కమిటీ వేస్తామన్నారు. ఆ కమిటీలో ఎవరుండాలన్న దగ్గరే వాళ్లకు చెడింది. ఆయాకు తల ప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా ఎన్నికల ముందు గేటు దగ్గరికి కొత్త కాపలాదారు వచ్చాడు. మీసాలు చూసి అందరూ మీసాలాయన అన్నారు. అప్పటికే గోడల నిండా పిడికిలి బిగించిన పెద్దమనిషి బొమ్మలు. అందరి నోరూ మూయించి దేశాన్ని దారిలో పెడతానంటాడు ఆ పిడికిలాయన. మన మీసాలాయన వచ్చిన రోజే వరసలో ఉన్న చెప్పులన్నీ ఫెడీ ఫెడీమని తన్ని మూలకు పోగేశాడు.

"మనిషుంటేనే చోటు! జబ్బు మీకా, చెప్పులకా?"

చీమ చిటుక్కుమంటే ఒట్టు. బావమరిది చెప్పులవాడు కూడా పిల్లిలా వచ్చి వెనక నిలబడ్డాడు. ఆయా ఆ పూట టీ చల్లారకుండా తాగింది. అమ్మయ్య అనుకుంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అంత అలసిపోయి ఉంది మరి.

సాయంత్రం ఆ సంబరం అక్కకు చెప్పుకుంది. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన అక్క, ఇప్పుడు పక్క వాటాలోనే ఉంటుంది. షుగరు వల్ల పాదానికి పుండు పడింది. ఆ పాదానికి కొలతిచ్చి చేయించిన మెత్తటి చెప్పులు లేకుండా అడుగు వేయకూడదు. పుండు ముదిరితే వేలు తీసేయాల్సి వస్తుంది. పాదాలు చూసే డాక్టరేమో సోమవారమే వస్తాడు, అదీ ఒంటిపూట.

"దేశానికీ ఇలాంటోడే కావాలక్కా. నా ఓటు పిడికిలాయనకే" అంది ఆయా.

"మరి సోమవారం నేనెలాగే? నిలబడలేనుగా."

"నువ్వు ఎప్పట్లాగే చెప్పులు పెట్టి కూర్చో. నేను చెప్తాగా. మీసాలాయన మనవాడేలే!"

చెప్పింది కూడా. "ఆకుపచ్చ పట్టీలవి మా అక్కవి బాబూ, కాస్త చూడు" అంటే అతను మీసం దువ్వుకుంటూ ఊరుకున్నాడు. ఆవిడ దాన్నే ఒప్పుకోలు అనుకుంది.

సోమవారం లోపల కట్టుగుడ్డలు సర్దుతుంటే ఫెడేలుమన్న చప్పుడు వినిపించింది. బయటికి పరిగెత్తేసరికి అక్క వట్టి కాళ్లతో కంకర మీద నడుస్తూ చెప్పుల కుప్పలో వెతుక్కుంటోంది. ఒకటే దొరికింది. రెండోది మురిక్కాలువలో పడి కొట్టుకుపోయింది.

"ఏమయ్యా, నీకు చెప్పానా లేదా?" ఆయాకు ఒళ్లు మండిపోయింది.

"మీ అక్కకో రూలు, జనానికో రూలా? దానికి నేనెందుకమ్మా ఇక్కడ?"

"కరెక్టే" అన్నారు వరసలోవాళ్లు. అతను అన్నది నిజమే, అదే ఆయాను ఎక్కువ కాల్చింది. అక్క వరస చివరికి పోయింది. ఆవిడ వంతు వచ్చేలోపే డాక్టరు వెళ్లిపోయాడు. మళ్లీ సోమవారానికి పుండు ముదిరి, కాలి చిటికెన వేలు తీసేశారు.

ఆయా ఆ తర్వాత మీసాలాయన మొహం వంక చూడలేదు. పిడికిలాయనకు చచ్చినా ఓటెయ్యనని ఒట్టు పెట్టుకుంది. అయితే ఒక రోజు మీసాలాయన జ్వరమొచ్చి రాలేదు. ఎలా తెలిసిందో ఏమో, తలుపు దగ్గర మళ్లీ చెప్పులు వెలిశాయి, మళ్లీ తిట్లు. ఎవడో నెట్టిన నెట్టుకు ఆవిడ మోచేయి గడియకు కొట్టుకుని ప్రాణం జివ్వుమంది. ఈ మీసాలాడెక్కడ చచ్చాడు, ఇవాళే మానాలా అనుకుంది. మరుక్షణమే అక్క కాలు గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది.

ఓటు రోజు అక్కాచెల్లెళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని బడికి వెళ్లారు. అక్క పాదం కట్టు చూసి అక్కడి ఉద్యోగి, "అమ్మా, మీరు ముందుకొచ్చేయండి" అన్నాడు.

"వద్దు బాబూ. వరస వరసే" అంది అక్క.

"ఎవరికేస్తావక్కా?"

"పిడికిలాయనకే."

"నీకేమన్నా మతి పోయిందా? వేలు పోయిందే తల్లీ!"

అక్క ఒంటికాలి మీద బరువు ఆనించి, ఊపిరి తీసుకుంది. "నావొక్కటే తన్నాడటే? అందరివీ తన్నాడు. ఇన్నేళ్లూ అడిగే దిక్కులేని మనల్నొక్కళ్లనే కదే అందరూ తన్నింది."

ఆయా వంతు వచ్చింది. లోపలికి వెళ్లి మిషను ముందు నిలబడింది. ఇంకో గుర్తు నొక్కాలనే వచ్చింది. అక్కడ నిలబడితే రేపు పొద్దున తీయాల్సిన తలుపు, దాని ముందు జనం కళ్లకు కట్టారు. మోచేయి ఇంకా సలుపుతూనే ఉంది. ఎవడైనా సరే, తన బదులు అరిచేవాడొకడు కావాలనిపించింది. పిడికిలాయన గుర్తే నొక్కింది.

బయటికొస్తే అక్క అడిగింది, "ఎవరికేశావే?"

"పదక్కా," అంది ఆయా చేయి అందిస్తూ, "కింద కంకర ఉంది, చూసి అడుగెయ్యి."